సున్నా దగ్గర ఆగే పాదరసం

2017 జూలైలో నేను సిద్దిపేట జిల్లాలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మహిళా హెల్త్ సూపర్‌వైజర్‌ని. అప్పటికి ఆ హోదాలో పందొమ్మిదేళ్లు, అంతకు ముందు ఏఎన్ఎంగా పన్నెండేళ్లు పనిచేశాను. నా కింద ఆరు సబ్ సెంటర్లు, ఒక్కోదానికి ఒక ఏఎన్ఎం. వాళ్లు ఊళ్లలో గర్భిణులను, పసిపిల్లలను చూసి రిజిస్టర్లలో రాస్తారు. వాళ్లు రాసింది సరిగ్గా ఉందో లేదో చూసి ఎర్ర పెన్నుతో దిద్దడం నా పని. నేను వస్తున్నానంటే రిజిస్టర్లు ముందురోజే సర్దిపెట్టుకునేవాళ్లు. అది నాకు తెలుసు, కొంచెం ఇష్టంగానే ఉండేది.

ఆ నెల మూడో వారంలో ఒక సబ్ సెంటర్‌లో గర్భిణుల పరీక్షలు జరుగుతున్నాయి. నేను వెళ్లేసరికి పదకొండున్నర. అక్కడి ఏఎన్ఎం సుజాత, ముప్పై ఏళ్ల పిల్ల, మాట తక్కువ. లావణ్య అనే అమ్మాయిని బెంచీ మీద కూర్చోబెట్టి ఉంచింది. మొదటి కాన్పు, ఎనిమిదో నెల. మామ కల్లు గీస్తాడు. అత్త లక్ష్మవ్వ కోడలి పక్కనే ఉంది.

రిజిస్టర్‌లో లావణ్య బీపీ 144/92 అని ఉంది. గర్భిణికి పై అంకె 140 గానీ, కింది అంకె 90 గానీ తాకితే మళ్లీ చూడాలి. రెండోసారీ అలాగే ఉంటే పెద్ద దవాఖానకు పంపాలి, ఆలస్యం చేస్తే తల్లికి ఫిట్స్ రావచ్చు, బిడ్డ దక్కకపోవచ్చు. కిందటి నెల ఈ అమ్మాయిని నేనే చూసి 120/80 రాశాను. నెలలో ఇంత తేడా నాకు నమ్మబుద్ధి కాలేదు.

"గీ నూటా నలభై నాలుగు ఏంది సుజాతా? అంచనాకు రాసినవా?" అన్నాను.

"గీత యాడుంటె ఆడ రాసిన మేడం. రెండుసార్లు చూసిన."

పాదరసం బీపీ యంత్రం పట్టీ అందుకుని నేనే చూశాను. 130/80. సుజాత రాసినదాన్ని ఎర్ర పెన్నుతో కొట్టేసి పైన నా అంకె రాశాను. ఇంటికి పొమ్మన్నాను. లక్ష్మవ్వ ముఖం వికసించింది. నాట్లు నడుస్తున్నాయి, సిద్దిపేటకు పోవాలంటే రెండు రోజుల కూలి పోతుంది.

వాళ్లు గుమ్మం దాటాక సుజాత బల్ల సర్దుతూ, నా వైపు చూడకుండా అంది: "ఒక్కమాట అంటె కోపం చెయ్యకున్రి మేడం. మీరు చూస్తె పాదరసం ఎప్పుడు గుండుసున్న కాడ్నే ఆగుతది."

కోపం చేశాను. ఏమన్నానో ఇక్కడ రాయను.

మధ్యాహ్నం రెండింటికి ఆరోగ్య కేంద్రానికి వచ్చి నా టూర్ డైరీ తెరిచాను. సుజాత మాట తప్పని తేల్చి, కాగితం మీద పెట్టి ఆమెకు చూపాలని. జనవరి నుంచి నేను స్వయంగా బీపీ చూసిన గర్భిణులు ఎనభై నలుగురు. ఒక్కొక్కరికి రెండు అంకెలు, మొత్తం నూట అరవై ఎనిమిది. ఒక్కో అంకె చివర ఏముందో గీతలు పెట్టి లెక్కించాను.

సున్నాతో ముగిసినవి నూట యాభై ఒకటి. ఐదుతో పదకొండు. మిగతావన్నీ కలిపి ఆరు.

మా పాదరసం యంత్రం మీద గీతలు రెండేసి అంకెలకు ఒకటి ఉంటాయి. అంటే చివర సున్నా, రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది సుమారు సమానంగా రావాలి. నూట అరవై ఎనిమిదిలో సున్నాలు ముప్పై మూడో ముప్పై నాలుగో ఉండాలి. ఇక ఐదుకైతే గీతే లేదు. లేని గీతను నేను పదకొండుసార్లు చూశాను.

ఎలా జరుగుతుందో అప్పుడు కుర్చీలోనే కూర్చుని ఆలోచించాను. గాలి వదిలేటప్పుడు పాదరసం సెకనుకు ఒక గీత చొప్పున దిగాలి. నూట అరవై నుంచి ఎనభై దాకా నలభై గీతలు, నలభై సెకన్లు. గోడ గడియారం చూస్తూ నా మామూలు వేగంతో వదిలి చూశాను. తొమ్మిది సెకన్లు. అంత వేగంలో గీతలు కనబడవు, పదుల అంకెలే కనబడతాయి. పైగా మనిషిని చూడగానే "ఈమెకు నూట ఇరవై ఉంటుంది" అని మనసులో అనుకుని, ఆ అంకె దగ్గర చప్పుడు కోసం వినేదాన్ని. అలా వింటే అక్కడే వినబడుతుంది.

మూడుంబావుకు ఆటో మాట్లాడుకుని లావణ్య ఇంటికి బయలుదేరాను. దారిలో సుజాతను ఎక్కించుకున్నాను. లావణ్యను పది నిమిషాలు కూర్చోబెట్టి, నెమ్మదిగా, గీత గీతకూ ఆగుతూ చూశాను. 146/94. మూత్రంలో ప్రొటీన్ పోతున్నట్టు పరీక్ష పట్టీ రంగు మారింది.

లక్ష్మవ్వ నడుం మీద చేతులు పెట్టుకుంది. "పొద్దుగాల ఏం లేదు పొమ్మంటిరి. గిప్పుడు దవాఖానకు నడువుమంటున్రు. ఏది నమ్మాలె మేడం?"

"పొద్దుగాల నేను తప్పు చూసిన. సుజాత చూసిందే సరి," అన్నాను. ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో ఒక ఇంటి ముందు నిలబడి ఆ మాట అనడం అదే మొదలు.

ఆమె నడుం మీది చేతులు దించింది. "తప్పు చూసిన అన్న నర్సమ్మను గిప్పుడే చూస్తున్న," అని లోపలికి తిరిగి కేకేసింది: "లావణ్యా, బట్టల సంచి సదురు బిడ్డా. ఉత్తగైతె గీమె మళ్ల రాదు."

అదే ఆటోలో సిద్దిపేట పెద్ద దవాఖానకు తీసుకుపోయాము. నాలుగు రోజులు ఉంచుకున్నారు, మాత్రలు మొదలుపెట్టారు. తరువాత వారానికి రెండుసార్లు సుజాత ఇంటికి వెళ్లి చూసింది. ఆగస్టు నెలాఖరులో ఆడపిల్ల పుట్టింది. బరువు రెండు కిలోల ఆరువందల గ్రాములు. తల్లికి ఏ ఇబ్బందీ రాలేదు. ఆ రిజిస్టర్‌లో నా ఎర్ర దిద్దుబాటును అదే పెన్నుతో కొట్టేసి, 144/92 మళ్లీ రాసి, తేదీ వేసి సంతకం పెట్టాను.

అలవాటు మాత్రం సంతకంతో పోలేదు. మూడు పనులు పెట్టుకున్నాను. కొలవక ముందు పాత అంకె చూడకూడదు. గాలి వదిలేటప్పుడు మనసులో సెకన్లు లెక్కపెట్టాలి. నెలాఖరున చివరి అంకెలు లెక్కించి సుజాతకు చూపాలి.

ఆగస్టులో ముప్పై మందిని చూశాను, అరవై అంకెలు. సున్నాలు పన్నెండు రావాలి, రెండే వచ్చాయి. ఆ రెంటినీ గర్వంగా చూపించాను. సుజాత కాగితం అటూ ఇటూ తిప్పింది.

"సున్న మీద అలిగిన్రా మేడం? పాదరసం సున్న కాడ గూడ ఆగుతది గద."

నిజమే. గీత సున్నా మీద ఉన్నా నా చెయ్యి పక్క గీతను రాస్తోంది. సెప్టెంబరులో యాభై ఆరింటికి ఏడు. అక్టోబరులో అరవైకి పదమూడు. ఆ నెల కాగితం సుజాత చూసి మడిచి నా చేతికిచ్చింది. 2020లో రిటైరయ్యే దాకా ఆ నెలవారీ లెక్క ఆపలేదు. మిగతా ఐదుగురు ఏఎన్ఎంలు కూడా తమవి లెక్కించుకోవడం మొదలుపెట్టారు. ఎవరినీ నేను అడగలేదు.

తనిఖీ చేసేవాళ్ల పనిని మామూలుగా ఎవరూ తనిఖీ చేయరు. నా అలవాటు నా చేతికి తెలియలేదు, నా డైరీలో ఆరు నెలలుగా కనబడుతూనే ఉంది. ఎదుటివాళ్ల రిజిస్టర్‌ను చూసినట్టు దాన్ని చూడలేదు, అంతే. చూసుకున్నాక కూడా ఒక్క నెల లెక్క చాలదు. ఆగస్టుతో ఆపి ఉంటే సున్నా రాసే అలవాటు పోయి, సున్నాను తప్పించే అలవాటు మిగిలేది.