వేలి మందం ఎత్తు

సుత్తి తిరగేసి పట్టుకుని, పిడి చివరతో మేస్త్రి ఒక్కో పలకనూ తట్టుకుంటూ వెళ్తున్నాడు. కింద సిమెంటును గట్టిగా పట్టుకున్న పలక ఒకలా పలుకుతుంది. వదిలేసిన పలక ఖాళీ డబ్బాలా పలుకుతుంది. డొల్లగా పలికిన ప్రతిచోటా సుద్దముక్కతో అడ్డగీత పెడుతున్నాడు. హాలు దాటి వంటగదిలోకి వచ్చేసరికి చేతిలో సుద్ద గోరంత మిగిలింది.

"ఎలా ఉంది నేల?" వెనకే నడుస్తున్న బావ అడిగాడు.

"గీత లేని పలక కనబడితే నువ్వే చెప్పు బావా."

"వంటగది నువ్వు వేసిందేగా."

"అందుకే ఇక్కడ గీతలు ఎక్కువ."

బావ నవ్వాడు గానీ మేస్త్రి నవ్వలేదు. అతను ఇసుక మోసే రోజుల్లో నేల వేయడానికి ఎవరూ నమ్మి ఇవ్వకపోతే, అక్క తన వంటగదిని ఇచ్చింది. "నీళ్లు పోస్తే ఎటు పోవాలో వాటికే తెలీదు పాపం" అని ఇన్నేళ్లూ తనే చెప్పి నవ్వేది. అదే మాట ఇంకెవరైనా అంటే మాత్రం ఊరుకునేది కాదు.

ఆ అక్క ఇప్పుడు ఈ ఇంట్లో లేదు. పక్షవాతం వచ్చి, ఆసుపత్రి నుంచి నేరుగా కూతురింటికి వెళ్లింది. మాట దక్కింది, చెయ్యి తిరిగి వచ్చింది. కుడికాలు మాత్రం పైకి లేవదు. నేలను రాసుకుంటూ వెనకే వస్తుంది. అసలే ఒకచోట కూర్చునే మనిషి కాదు. కూతురింట్లో అందరూ కలిసి కూర్చోబెడుతుంటే కాలు కాలిన పిల్లిలా ఉంది. మేస్త్రి చూడ్డానికి వెళ్లినప్పుడు దగ్గరకు రమ్మని మెల్లగా అంది:

"ఒరేయ్, నా ఇల్లు అందంగా లేకపోయినా పర్లేదు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నేను బాత్రూంకి వెళ్లాలి. వెళ్లి తలుపేసుకోవాలి. ఇక్కడ పిల్ల తలుపు దగ్గరే నిలబడుతోందిరా. పడిపోతానేమోనని దానికి భయం. నాకు సిగ్గు."

అదీ అతని మీద పడ్డ పని. ఆ ఇంటిని ఒక్కసారి కట్టలేదు. చేతికి వీలైనప్పుడు ఒక గది, పిల్ల పుట్టాక ఇంకో గది చేరాయి. హాలు నుంచి వంటగదికి ఒక మెట్టు దిగాలి. పడకగదికి అరమెట్టు ఎక్కాలి. బాత్రూం దగ్గర మళ్లీ దిగాలి. ఇన్నేళ్లూ బాగున్న కాళ్లు లెక్కచేయని ఎత్తుపల్లాలన్నీ ఇప్పుడు ఆ ఒక్క కాలికి గోడలు.

ఊళ్లో అతన్ని టకటక మేస్త్రి అంటారు. పిలిచినా పిలవకపోయినా, ఎవరింట్లో అడుగుపెట్టినా మడమతో నేలను రెండుసార్లు తడతాడు. హోటల్లో భోజనం ముందు పెట్టుకుని, బల్ల కింద పలక డొల్లగా ఉందని ముద్ద మింగలేకపోతాడు. "మా ఆయనకి చుట్టాల మొహాలు గుర్తుండవు, వాళ్ల నేలలు గుర్తుంటాయి" అంటుంది భార్య. ఈ పని అతనికి ఎవరూ నేర్పలేదు. ఇసుక మోస్తూ చూశాడు, విరిగిన పలకలు ఏరుకొచ్చి పెరట్లో వేశాడు, ఊడగొట్టాడు, మళ్లీ వేశాడు. మాటలతో పని లేదు, పలక పట్టుకుందా లేదా అన్నదే అతనికి కావాలి.

పలకలు ఎంచడానికి బావ కూడా బయల్దేరాడు. కొట్టులో అడుగుపెట్టగానే ఆయన చూపు తెల్లటి నున్నటి పలక మీద అతుక్కుపోయింది.

"చూడండి సార్, మొహం కనబడుతుంది" అన్నాడు కొట్టాయన.

"మొహం చూసుకోడానికి ఇంట్లో అద్దం ఉంది" అన్నాడు మేస్త్రి. "కాసిని నీళ్లు ఇప్పించండి."

పలక మీద నీళ్లు చల్లి, చెప్పు విడిచి, కుడికాలిని చచ్చినదానిలా ఈడ్చాడు. కాలు సర్రున జారిపోయింది. పట్టుకోబోయిన బావ కూడా తూలాడు.

"నీకు అన్నిటికీ వంకలే బావమరిదీ. ఇంటికి నలుగురొస్తారు. చూడ్డానికి బాగుండొద్దా?"

"వచ్చిన నలుగుర్నీ ఆసుపత్రికి తీసుకెళ్లే ఓపికుంటే కొను."

మేస్త్రి గరుకు పలక ఎంచాడు. తడిసినా జారదు. అతని లెక్కలో విషయం అక్కడితో తేలిపోయింది. అయినా ఎందుకో మనసు ఒప్పక, డబ్బు కట్టకముందే నున్నటిది ఒకటి, గరుకుది ఒకటి నమూనాకు అడిగాడు. ఏ మూలనో పడివున్న మట్టిరంగు పలకను కూడా కొట్టాయన వాటితో కలిపి ఇచ్చాడు. మూడూ గోనెసంచిలో వేసుకుని మేనకోడలి ఇంటికి వెళ్లాడు.

వరండాలో పలకలు పరిచి, అంచుల దగ్గర అడుగు తట్టుకోకుండా గోనెపట్టా మడిచి పెట్టాడు. అక్క గోడ పట్టుకుని వచ్చింది. నున్నటి పలక మీద కాలు పెట్టగానే తమ్ముడి భుజం పట్టేసుకుంది.

"ఇది మీ బావ ఎంచిందా?"

"ఎలా తెలిసింది?"

"మెరుస్తోందిగా."

మేస్త్రి గరుకు పలక చూపించి, "దీని మీద నడువు, ఏ భయమూ లేదు" అన్నాడు ధీమాగా. అక్క ఎడమ అడుగు వేసింది. కుడికాలు వెనకే రావాలి, రాలేదు. బొటనవేలు ఆ గరుకుకు పట్టేసింది. ఒళ్లు ముందుకు తూగింది, కాలు అక్కడే ఉండిపోయింది. మేనకోడలు వెనక నుంచి పట్టుకుంది.

"ఇది నా కాలు పట్టుకుని కబుర్లు చెబుతోందిరా. వదలట్లేదు" అంది అక్క.

మేస్త్రి వంగి ఆ పలకను అరచేత్తో తడిమాడు. జారకపోతే చాలనుకున్నాడు. ఎత్తి వేసే కాలికి అది సరిపోతుంది. ఈడ్చే కాలికి జారుడూ పనికిరాదు, పట్టూ పనికిరాదు. ఇన్నేళ్ల పనిలో ఆ తేడా అతనికి ఎదురుకాలేదు. ఆ కాలినే అడగాలి తప్ప చేతితో తడిమితే తెలిసేది కాదు.

మట్టిరంగు పలక మీద కుడికాలు మెత్తటి చప్పుడుతో సాగింది. అక్క వెనక్కి తిరిగి మళ్లీ నడిచింది. నీళ్లు చల్లించి మళ్లీ నడిచింది.

"ఇదే" అంది.

సాయంత్రం అక్క ఫోన్లో చెప్పిన సంగతి విని బావ మొహం చిట్లించాడు. "మట్టిరంగా? వచ్చినవాళ్లు ఏమనుకుంటారు?"

అక్క ఫోన్లోంచే అంది: "వచ్చినవాళ్లు సోఫాలో కూర్చుంటారు. నడిచేది నేను."

పని మొదలైంది. పాత నేల లేచిపోయింది, ఇల్లంతా దుమ్ము. నీళ్లు నింపిన పారదర్శకమైన గొట్టాన్ని గది నుంచి గదికి లాగి, రెండు కొసల్లోనూ నీళ్లు నిలిచిన ఎత్తు చూసి, గోడల చుట్టూ ఒకే మట్టం గీత గీశాడు. పల్లం గదులను లేపాడు, మిట్ట గదిని చెక్కాడు. పలకలు పరిచాక ప్రతి అతుకు మీదా బొటనవేలి గోరు అడ్డంగా లాగేవాడు. గోరు తట్టుకుంటే ఆ పలక లేవాల్సిందే. గోరుకే తట్టుకునేది ఆ కాలికి తట్టుకోదా?

రోజూ అక్క ఫోను. "అయిందా?"

"అవుతోంది."

"నిన్న కూడా అవుతోందన్నావు. ఈ పిల్ల నన్ను లేవనివ్వట్లేదురా."

ఆ మాట చెవిలో జోరీగలా తిరిగేది. తిండి సయించేది కాదు. ఇంటికి వెళ్లి పడుకుంటే, ఏదో అతుకు మీద గోరు లాగడం మరిచిపోయానేమోనని కంగారు.

అన్ని గదులూ ఒక మట్టానికి వచ్చాయి. బాత్రూం పలకలు కూడా పరిచాడు. ఆఖరున గుమ్మం దగ్గర నల్లరాతి పట్టీ బిగించాడు. లోపలి నీళ్లు బయటికి రాకుండా వేలి మందం ఎత్తు పెట్టి, అంచు గుండ్రంగా అరగదీసి, నిగనిగలాడేలా మెరుగు పెట్టాడు. ఊళ్లో అతను చేసిన ప్రతి బాత్రూంకీ ఆ పట్టీ ఉంటుంది. దాన్ని చూడగానే ఇది టకటక పని అని చెప్పేస్తారు. బావ వంగి అరచేత్తో నిమిరాడు.

"దీన్ని చూశాక మట్టిరంగు కూడా బాగుందనిపిస్తోంది బావమరిదీ."

ఆ పొగడ్త మేస్త్రికి తియ్యగానే ఉంది. చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు.

పని అయిందని ఎవరు చెప్పారో గానీ, పిలవకముందే కూతురిని లాక్కుని అక్క వచ్చేసింది. వీధి వాకిట్లో ఆమె చెయ్యి వదిలించుకుని హాల్లోకి నడిచింది. ఎడమ అడుగు, వెనకే సర్రుమని కుడికాలు. మేస్త్రి గోడకు ఆనుకుని ఆ చప్పుడే వింటున్నాడు. హాలు దాటింది. వంటగది దాటింది. చప్పుడు ఎక్కడా తడబడలేదు. అది బాత్రూం వైపు తిరిగింది. పట్టీ అప్పుడు గుర్తొచ్చింది. "అక్కా, ఆగు" అనేలోపే టక్కుమని వినిపించింది.

అక్క రెండు చేతులతోనూ తలుపు చట్రం పట్టుకుని వేలాడుతోంది. కూతురు పరుగెత్తి నడుం పట్టుకుంది. ఊపిరి తీసుకున్నాక అక్క కిందకి చూసింది.

"గోడ బాగా కట్టావురా తమ్ముడూ. కాస్త ఎత్తు తగ్గింది, అంతే."

ఎవరూ నవ్వలేదు. మేనకోడలే సర్దిచెప్పబోయింది. "పర్లేదు మామయ్యా. ఇల్లంతా అమ్మే నడుస్తుంది. ఆ ఒక్కచోట నేను పట్టుకుంటాలే."

ఆ ఒక్కచోటే కదా అక్క అడిగింది. మేస్త్రి తల ఎత్తలేకపోయాడు. ప్రతి అతుకు మీదా గోరు లాగినవాడు, వేలి మందం రాయిని తన చేత్తో తెచ్చి అడ్డంగా పెట్టాడు. ఎవరూ పెట్టమనలేదు. చేతికి అలవాటైన పనిని చెయ్యి చేసుకుపోయింది, పొగిడించుకుంది కూడా.

వాళ్లు వెళ్లాక అతను ఇంట్లో అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాడు.

"కూర్చోరా బాబూ, నీతోపాటు నాకూ కళ్లు తిరుగుతున్నాయి" అన్నాడు బావ. "పట్టీకి అటూ ఇటూ సిమెంటుతో వాలు పెట్టెయ్. పోతుంది."

"వాలు ఎక్కేటప్పుడు కాలు తట్టుకుంటుంది, దిగేటప్పుడు జారుతుంది. కుదరదు."

"అయితే పట్టీ పీకెయ్."

"పీకితే నీళ్లు హాల్లోకొస్తాయి. పట్టీ ఉంది కదా అని లోపల వాలు సరిగ్గా ఇవ్వలేదు." అని ఆగాడు. "బాత్రూం అంతా పగలగొట్టాలి. నేల దింపి, గుమ్మం దగ్గర్నుంచే జాలీ ఉన్న మూలకి వాలు తీసుకెళ్లాలి. నీళ్లు పోయే గొట్టం కూడా దించాలి."

"మొన్నేగా వేశావు."

"మొన్న వేసింది నేనే. నేనే పగలగొడతాను."

కబురందుకుని వచ్చిన ప్లంబరు గుమ్మంలోనే నిలబడిపోయాడు. "పెళ్లైన వారానికే విడాకులా మేస్త్రీ?"

"సంబంధం నేనే చెడగొట్టాను. నువ్వు గొట్టం దించు."

తన పని ఎంత గట్టిదో మేస్త్రికి ఆ రోజు తెలిసింది. పలక ఒక్కటీ నిండుగా లేవలేదు, ముక్కలు ముక్కలుగా వచ్చింది. చేతులు బొబ్బలెక్కాయి. పట్టీని మాత్రం పగలకుండా తీయాలని చూశాడు. అది అడ్డంగా విరిగింది. అలాగే రాళ్ల కుప్పలో పడేశాడు.

నేల దింపాడు, వాలు కట్టాడు. గుమ్మం దగ్గర హాలు పలకా బాత్రూం పలకా ఒకే గీతలో కలిశాయి. అతుకు మీద గోరు లాగాడు, తట్టుకోలేదు. గుమ్మానికి అడ్డంగా సుద్దగీత గీసి, లోపల బకెట్టు కుమ్మరించాడు. నీళ్లు మూలకు పోయాయి గానీ, దారంలాంటి ఒక్క పాయ వెనక్కి తిరిగి సుద్దగీత దాటింది.

"ఆ మాత్రానికే?" అన్నాడు బావ.

"ఆ మాత్రం తడి మీదే మనిషి పడేది."

గుమ్మం పక్క వరస అంతా లేపి మళ్లీ వేశాడు. అది ఆరేదాకా తిన్నదీ లేదు, కుదురుగా నిలబడ్డదీ లేదు. మళ్లీ గీత, మళ్లీ బకెట్టు. ఈసారి నీళ్లు అన్నీ మూలకే పోయాయి. అక్క స్నానం చేసే చోట నిలబడి తలమీద చెంబుతో పోసుకుని కూడా చూశాడు. తడిబట్టలతో బయటికి వస్తుంటే ఎదురింటావిడ నోరెళ్లబెట్టింది. కళ్లు మూసుకుని కాలు ఈడ్చుకుంటూ గుమ్మం ఎన్నిసార్లు దాటాడో అతనికే తెలియదు. అప్పటికి గానీ అక్కకు ఫోను చెయ్యలేదు.

అక్క వచ్చింది. వెనకే కూతురూ వచ్చింది. హాలు, వంటగది, సర్రుమనే ఆ చప్పుడు. బాత్రూం గుమ్మం దగ్గర మేస్త్రి చేతులు వాటంతటవే ముందుకు లేచాయి. చప్పుడు అలాగే సాగి లోపలికి వెళ్లిపోయింది. తలుపు పడింది. లోపల గడియ పెట్టుకున్న శబ్దం వినిపించింది.

తల్లిని పట్టుకోడానికి చాపిన చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మేనకోడలు పైటకొంగు సర్దుకుంది. లోపల కుళాయి విప్పిన చప్పుడు, చాలాసేపు. ఆ తర్వాత అక్క గొంతు:

"అందరూ బయటే నిలబడ్డారా ఏంటి? పోండి, పనులు చూసుకోండి."

మేస్త్రి పెరట్లోకి నడిచాడు. మిగిలిన మట్టిరంగు పలకలను ఒక్కొక్కటే తడిగుడ్డతో తుడిచి, గోడకు నిలువుగా చేరేశాడు.

"ఇవి పారెయ్యకు బావా. మళ్లీ కొంటే ఇదే రంగు దొరకదు. బాత్రూం నేలకి యాసిడ్ మాత్రం వాడొద్దు. మూలన జాలీ తీసి అప్పుడప్పుడూ వెంట్రుకలు శుభ్రం చెయ్."

"సరే" అన్నాడు బావ. ఈసారి ఏ వంకా పెట్టలేదు.

సుత్తి, తాపీ, నీళ్లగొట్టం సంచిలో సర్దుకుని, బావ ఇచ్చిన ఇంటి తాళంచెవిని తిరిగి ఆయన చేతిలో పెట్టి, మేస్త్రి వీధిలోకి వెళ్లిపోయాడు.