నలభై తొమ్మిది రోజుల పదిహేడు గంటలు

1999లో జగ్గయ్యపేట దగ్గర ఓ సిమెంటు ఫ్యాక్టరీలో, ముడిరాయిని పిండిచేసే రామిల్లు కంట్రోల్ రూముకి నన్ను ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌గా వేశారు. నేను అక్షరాలు దిద్దింది ముప్పై దాటాక. కష్టపడి నేర్చిన రాత ఊరికే పోనివ్వడం ఇష్టంలేక, ఏ స్విచ్ వేసినా తీసినా గంటా నిమిషంతో రిజిస్టరులో రాసేవాణ్ణి.

సున్నపురాయి, మట్టి ఏ పాళ్ళలో మిల్లులో పడాలో ఆ గదిలో కంప్యూటరు చూసుకునేది. అంతకుముందు కరెంటు పోయినప్పుడల్లా అదీ ఆగి మళ్ళీ మొదలయ్యేది. ఆ ఏడు, కరెంటు పోయినా బ్యాటరీతో నడిపే యూపీఎస్ పెట్టారు. ఇక ఆగదనుకున్నాం.

ఓ పొద్దున మిల్లుకి రాయి మోసే బెల్టులన్నీ నిలిచిపోయాయి. ఏడు వారాలకి మళ్ళీ అంతే. రెండుసార్లూ సీట్లో ఉన్నది నందిగామ నుంచి బస్సులో వచ్చే ఆపరేటరు నాగమణి. ఆమే ఏదో నొక్కిందని షిఫ్టు ఇంజనీరు రాశాడు. ఉద్యోగంలోంచి తీసేసే కాగితం తయారైంది.

"నేనేం ముట్టుకోలేదు బాబాయ్ గారూ" అంది.

"నాతో అంటే ఏం లాభం? రిజిస్టరు తియ్యి" అన్నా.

కంప్యూటరు ఆన్ చేసిన దగ్గర్నుంచి బెల్టులు ఆగిందాకా లెక్కేశాం. రెండుసార్లూ నలభై తొమ్మిది రోజుల పదిహేడు గంటలు, పైన రెండు నిమిషాలు. మేనేజరు గారికి చూపించా.

"ఏమయ్యా వెంకయ్యా, జాతకాలు కూడా మొదలెట్టావా?"

"జాతకం కాదండి, రిజిస్టరు. మళ్ళీ ఎప్పుడు ఆగుద్దో రాసిస్తా. ఆ రోజు అమ్మాయికి సెలవిచ్చి మీరే కూర్చోండి."

నాగమణిని తీసేసే కాగితం సొరుగులో పెట్టి ఆయన ఆగారు. చెప్పిన రోజు వచ్చి కూర్చున్నారు. నేను రాసిచ్చిన టైము ఉదయం ఎనిమిదీ పన్నెండు. ఆ నిమిషానికే బెల్టులు ఆగాయి.

"నేనేం ముట్టుకోలేదయ్యా!" అన్నారు ఆయన.

"ఆ అమ్మాయీ అదే చెప్పిందండి" అన్నా.

ప్రోగ్రాము రాసినతను హైదరాబాదు నుంచి వచ్చి విషయం చెప్పాడు. ఆన్ చేసినప్పటి నుంచీ కంప్యూటరు సెకనులో వెయ్యో వంతులు లెక్కపెడుతుందట. ఆ లెక్క దాచుకోడానికి ముప్పై రెండు గళ్ళే ఉంటాయి, ఒక్కో గడిలో సున్నాయో ఒకటో. సుమారు 429 కోట్లకి, అంటే నలభై తొమ్మిది రోజుల పదిహేడు గంటలకి, అవి నిండిపోయి, లారీ మీటరు తొమ్మిదులన్నీ తిరిగినట్టు, లెక్క మళ్ళీ సున్నాకొస్తుంది. కాలం వెనక్కి పోయిందనుకుని ప్రోగ్రాము అన్నీ ఆపేస్తుంది. ఇన్నాళ్ళూ అన్ని రోజులు ఆగకుండా నడిస్తేగా! మేం తిట్టుకున్న కరెంటు కోతలే ఆ తప్పుని కప్పిపెట్టాయి.

సొరుగులో కాగితం తీసి మేనేజరు గారు చించేశారు. కొత్త ప్రోగ్రాము వచ్చేదాకా ప్రతి ఆదివారం నాగమణే కంప్యూటరు ఆపి, మళ్ళీ వేసి, నా రిజిస్టరులో సంతకం పెట్టేది.

ఆ తర్వాత యంత్రం ఏది ఆగినా, దగ్గర ఎవరున్నారని నేను ముందు అడగలేదు. ఎప్పుడు ఆన్ చేశారని అడిగా.