అలసట అడిగే సార్

ఈమధ్య బిస్కెట్లు చాయ్‌కి పనికిరావడం లేదు. ముంచి పైకి తీసేలోపే సగం లోపల ఉండిపోతుంది. పోయిన మంగళవారం పొద్దున అలా మునిగిన ముక్కను చెంచాతో వెతుకుతూ, చేసినవాళ్ళను తిట్టుకుంటూ కూర్చున్నాను. మా కోడలు గేటు దగ్గరనుంచి వచ్చి, "మామా, సార్ పోయిండ్రంట" అంది. నేను చాయ్‌లోంచి తల ఎత్తకుండా "ఏడికి?" అన్నాను. ఆ పిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చెంచా నా చేతిలోనే ఉండిపోయింది.

సార్ అంటే మా పక్కింటి సార్. శంషాబాద్ బడిలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. నన్ను బడే ఐదో తరగతిలో రిటైర్ చేసింది. ఇన్నాళ్ళూ నేను ఏ కాగితం రాసినా తప్పులు దిద్దింది ఆయనే. ఇది దిద్దే మనిషి లేడు కాబట్టి మీరే సర్దుకోవాలి.

రిటైరయ్యాక ఆయన దేశదేశాల భాషలు పట్టుకున్నారు. కొన్నాళ్ళు టర్కీ భాష, కొన్నాళ్ళు స్వాహిలి. చివరికి హౌసా దగ్గర ఆగిపోయారు. ఆఫ్రికాలో నైజీరియా, నైజర్ వైపు మాట్లాడే భాష అది. కోఠి ఫుట్‌పాత్ మీద అట్ట లేని పుస్తకం ఒకటి దొరికింది. మిగతాది రేడియో నేర్పింది. జామచెట్టుకు తీగ కట్టి, రేడియో చెవికి ఆనించుకుని, వినబడిన మాటలన్నీ పాత పెళ్ళికార్డుల వెనక రాసుకునేవారు.

"షాద్‌నగర్ సంతల గీ భాషతోని గొర్రెను కొనొచ్చా సార్?" అని నేను ఏడిపించేవాణ్ణి. కోపం తెచ్చుకునేవారు కాదు. వాళ్ళు కూడా దునియాను దునియా అనే అంటారని ఒకరోజు సంబరంగా చెప్పారు. అయితే ఒక మాట నాకూ వచ్చేసింది, మిగతావి మీరు నేర్చుకోండి అన్నాను.

ఆ భాషలో ఆయనకు నచ్చింది పలకరింపు. అక్కడ మనిషి ఎదురైతే వెంటనే పని మాట ఎత్తరట. నిద్ర ఎలా పట్టింది, ఇల్లు ఎలా ఉంది, పని ఎలా ఉంది, అలసట ఎలా ఉంది అని వరసగా అడుగుతారట. అన్నిటికీ "లాఫియా" అనాలి, అంటే క్షేమం అని. సార్ ఆ అలవాటును మా గల్లీకి తెచ్చారు. పాలవాడికి కూడా నాలుగు ప్రశ్నలూ తప్పేవి కావు. వాడు అన్నిటికీ ఒకేసారి తల ఊపి గిన్నె పట్టమనేవాడు. నేనేమో అలసట మస్తుందనేవాణ్ణి, నా చేనులో రోజూ ఇన్ని విమానాలు దిగితే ఉండదా అని. మా జొన్నచేను ఉన్నచోట ఇప్పుడు ఎయిర్‌పోర్టు ఉంది.

మా ఆవిడ చనిపోయినప్పుడు వచ్చినవాళ్ళంతా ఎట్లా జరిగిందని అడిగారు. నీ అలసట ఎట్లుందని అడిగింది సార్ ఒక్కరే. ఆ రోజు నాకు హాస్యం రాలేదు.

రెండేళ్ళ కింద ఆయన గొంతులో గడ్డ తేలింది. ఆపరేషన్ చేస్తే ప్రాణానికి ఢోకా లేదు గాని, ఇక మాట రాదని దవాఖానలో ముందే చెప్పారు. మూడు వారాలు గడువు. ఇంట్లోవాళ్ళు ఏడుస్తుంటే ఆయన నా దగ్గరికొచ్చి ఒక్కటే అన్నారు: "ఇన్నేండ్లు నేర్చిన. ఒక్క మనిషితోనన్న మాట్లాడకుంటె ఎట్లనే అన్నా?"

రాజేంద్రనగర్ వ్యవసాయ యూనివర్సిటీలో ఆ భాషవాళ్ళు చదువుకుంటున్నారు, బండి మీద తీసుకుపోతానన్నాను. వద్దన్నారు. "అడగవోతే మర్యాదకు మాట్లాడుతరు. దారిల పోయే మనిషి ఆగాలె. అప్పుడే నాకు భాష వచ్చినట్టు."

అందుకని ఎయిర్‌పోర్టు ఎంచుకున్నారు. అట్టముక్క మీద హౌసాలో 'మీ రాక సంతోషం' అని పెద్దక్షరాలతో రాశారు. ఆదివారం నా స్కూటర్ మీద పోయి, పేర్ల బోర్డులు పట్టుకున్న డ్రైవర్ల మధ్య రెయిలింగ్ దగ్గర నిలబడ్డారు. బయటికి వచ్చేవాళ్ళు అది ఎవరి పేరో అనుకుని దాటిపోయారు. రెండో ఆదివారమూ అంతే. తిరిగొచ్చేటప్పుడు నా వెనక ఆ అట్టను ఒళ్ళో బోర్లించుకుని కూర్చున్నారు.

మూడో ఆదివారం నాకు షాద్‌నగర్‌లో పెళ్ళి ఉందన్నాను. సార్ ఒక్కరే బస్సులో పోయారు. పొద్దుగూకే వేళకు వచ్చి, వాళ్ళింటికి పోకుండా నా గేటు పట్టుకుని నిలబడ్డారు.

"ఆగిండన్నా."

పొడుగు అంగీ, కుట్టుపని టోపీ వేసుకున్న ఒకాయన, ట్రాలీ తోసుకుంటూ పోతూ అట్ట చూసి ఆగాడట. నిద్ర, ఇల్లు, పని, అలసట అన్నీ అడిగాడట. ఈ ఏడు వానలెట్లున్నాయని కూడా అడిగాడట. సార్ గొంతు అప్పటికే బొంగురుపోయింది.

"నడుమల నాకు మాట దొరకలే. ఆయన నిలవడ్డడు. దొరికేదాక నిలవడ్డడు. రేడియో ఎన్నడన్న ఆగిందా అన్నా?"

ఇంతకూ గొర్రెను కొన్నారా లేదా అన్నాను. దగ్గు వచ్చేదాకా నవ్వారు.

ఆ తర్వాత ఆయనకు పలకే గొంతు. ఒక పక్క నాలుగు ప్రశ్నలూ పెయింటుతో రాయించుకున్నారు, రెండో పక్క సుద్దకు వదిలేశారు. పొద్దున్నే గేటు దగ్గర ఒక్కో ప్రశ్న మీద వేలు పెట్టి నా జవాబు కోసం ఆగేవారు. పోయే ముందురోజు, సోమవారం కూడా ఆగారు.

ఇక దాచి ఏం చేసుకోను. ఆ ఆదివారం నేను షాద్‌నగర్ పోలేదు. అంతకు ముందురోజు రాజేంద్రనగర్ క్యాంపస్ గేటు ముందు చాయ్ బండి దగ్గర వాకబు చేసి, జొన్నల మీద పరిశోధన చేస్తున్న నైజీరియాలోని కానో ఊరాయనను పట్టుకున్నాను. ఇద్దరు బిడ్డల తండ్రి. నా ఉర్దూ, ఆయన హిందీ కలిపితే ఒక భాష అయింది. అబద్ధం చెప్పనన్నాడు. చెప్పొద్దు, పెట్టె తోసుకుంటూ నడిస్తే చాలన్నాను. పండగ బట్టలు వేసుకు రమ్మని, ట్రాలీ మీద, పిడికి మా ఆవిడ చీర అంచు చుట్టిన నా నీలం సూట్‌కేసు పెట్టించాను. బరువు కోసం లోపల రెండు ఇటుకలు వేశాను. నేను స్తంభం వెనక నిలబడ్డాను. ఐదు నిమిషాలు చాలని చెప్పాను. ఆయన అరగంట నిలబడ్డాడు. ఆ ఆగడం నేను నేర్పింది కాదు.

సార్ దవాఖానకు పోయేనాడు వాళ్ళింట్లో బట్టలకు పెట్టె దొరకలేదట. మా కోడలు సంగతి తెలియక ఆ నీలం సూట్‌కేసే ఇచ్చింది. పిడికి చుట్టిన ఆ చీర అంచు కూడా అట్లాగే ఉంది. ఆపరేషన్ అయిన మూడోరోజు చూడబోతే అది ఆయన మంచం కింద కనబడింది. నా కాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయాయి.

సార్ రమ్మని చెయ్యి ఊపి, పలక తీసుకున్నారు. నిద్ర అని రాశారు. చెరిపి ఇల్లు అని, చెరిపి పని అని రాశారు. నేను లాఫియా, లాఫియా అంటూనే ఉన్నాను. నాలుగోసారి చాలాసేపు రాసి నా వైపు తిప్పారు.

'పెట్టెకు అలసట తీరిందా?'

ఆయన అరచేత్తో పలక తుడిచి, ఆ చెయ్యి నా భుజం మీద వేశారు. బస్సులో శంషాబాద్ దాకా నా చొక్కా మీద ఐదు వేళ్ళూ తెల్లగా ఉన్నాయి. నేను దులుపుకోలేదు.