మాణిక్ అడగని రెండో టీసీ

శారద టీచర్ పేరెత్తితే ఝరాసంగం మాణిక్ మాట ఒక పట్టాన ఆగదు. ఫ్యాక్టరీలో పనిచేసే భర్త వెంట గుంటూరు నుంచి జహీరాబాద్ వచ్చిన ఆ తల్లి మా ఇల్లు నిలబెట్టిందంటాడు. వినేవాళ్లకు అది కాస్త ఎక్కువనిపించవచ్చు, మాణిక్‌కు మాత్రం తక్కువే.

కంది, పత్తి పండించే మాణిక్‌కు ఇద్దరు పిల్లలు. రితేష్ పదో తరగతి, చెల్లెలు నందిని తొమ్మిది. ఇద్దరూ షేర్ ఆటోలో జహీరాబాద్ బడికి వెళ్లేవారు. ఉన్నట్టుండి నందినికి మూత్రంలో మంట, జ్వరం. దవాఖానలో డాక్టరమ్మ నెమ్మదిగా అడిగితే సంగతి బయటపడింది. ఆడపిల్లల బాత్రూం దారిలో మగపిల్లలు గుంపుగా నిలబడి, వెళ్లే ప్రతి పిల్లనూ ఏదో ఒక పాడుమాట అంటున్నారు. ఆ దారిన పోలేక ఆడపిల్లలు నీళ్లు తాగడమే మానుకున్నారు.

మాణిక్‌కు ఒళ్లు మండింది. ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలియక కూతురి చదువు మీద చూపాడు. మర్నాడే బడికి వెళ్లి టీసీ అడిగాడు.

"ఇజ్జత్ ముఖ్యం మేడం. పిల్ల ఇంట్ల ఉంటది, చేన్ల పని జేస్తది."

శారద టీచర్ లేచి గది తలుపు దగ్గరికి వేసింది.

"నందిని రావట్లేదని నేను ఆడపిల్లలందరినీ విడివిడిగా అడిగానండీ. ఇకనుంచి ఇంటర్వెల్‌లో ఆ దారిలో మేం టీచర్లం ఉంటాం. ఆ అబ్బాయిల తల్లిదండ్రులకు కబురు పంపుతున్నాం." గొంతు తగ్గించింది. "ఆ గుంపులో మీ రితేష్ కూడా ఉన్నాడు. చెల్లెలు వస్తే పక్కకు తప్పుకునేవాడట. మిగతా పిల్లల్ని వదల్లేదు."

మాణిక్ మూసి ఉన్న తలుపు వైపు చూశాడు. ఈ మాట పదిమందిలో చెప్పి ఉంటే తాను ఏమైపోయేవాడో అని ఇప్పటికీ అనుకుంటాడు. తలుపు వేసి చెప్పిన ఆమెకు మనసులోనే దండం పెట్టుకున్నాడు.

"ఇంటికి రానీ మేడం, వాని తోలు దీస్త."

"కొడితే ఇంకోచోట చేస్తాడు. కూర్చోబెట్టి మాట్లాడండి. ఇక్కడ మేమూ మాట్లాడతాం. ఆ పిల్లలకు ఏం చేశాడో వాడికి తెలిసిరావాలి."

ఆ సాయంత్రం మాణిక్ రితేష్‌ను ఎదురుగా కూర్చోబెట్టాడు. కొట్టలేదు. జరిగిందంతా వాడి నోటితోనే చెప్పించాడు. గడప దగ్గర నిలబడి వింటున్న నందిని నెమ్మదిగా అడిగింది.

"నాయినా, అన్నకు గూడ టీసీ అడిగినవా?"

ఏ తప్పూ చేయని బిడ్డను మాన్పించడానికి పొద్దున్నే పరుగెత్తిన మాణిక్‌కు, తప్పు చేసిన కొడుకు విషయంలో ఆ ఆలోచనే రాలేదు.

"లేదు బిడ్డా," అన్నాడు. "నీకు గూడ ఇంక అడగ. రేపు పోదువు బడికి."