గ్రేసీ వాళ్ళమ్మ ఏ లైన్‌లో పనిచేస్తుంది?

2018, ఎండాకాలం. మేడ్చల్ పారిశ్రామికవాడలో మాత్రలు ప్యాక్ చేసే ఒక కంపెనీలో నేను వెల్ఫేర్ ఆఫీసర్‌ని. ఈ ఉద్యోగం పేరు చెబితే తెనాలిలో మా చుట్టాలు ఇప్పటికీ "అంటే ఏం చేస్తావమ్మా?" అని అడుగుతారు. పెద్ద ఫ్యాక్టరీల్లో ఇలాంటి మనిషి ఒకరు ఉండి తీరాలని చట్టం. క్యాంటీన్‌లో పప్పు నీళ్ళలా ఉన్నా, మరుగుదొడ్డి తలుపు గడియ ఊడినా, బస్సు ఆలస్యమైనా జనం వచ్చేది నా దగ్గరికే. జీతమిచ్చేది యాజమాన్యం, మాట్లాడాల్సింది కార్మికుల తరఫున. అడకత్తెరలో పోకచెక్క బతుకు. అయినా నాకు నోరెక్కువ కాబట్టి నెట్టుకొచ్చాను.

అంతకుముందు ఏడాదే ప్రసూతి చట్టానికి సవరణ వచ్చింది. యాభై మంది ఉద్యోగులున్న ప్రతి సంస్థలోనూ క్రెష్, అంటే తల్లిదండ్రులు పనిలో ఉన్నప్పుడు చిన్నపిల్లల్ని చూసుకునే గది, ఉండాలన్నారు. పాత ఫ్యాక్టరీల చట్టంలో లెక్క వేరు. ఆడవాళ్ళు ముప్పై మంది దాటితేనే ఆ గది. దానివల్ల ఏం జరిగిందో ఈ వృత్తిలో ఉన్నవాళ్ళకి బాగా తెలుసు. ఆడవాళ్ళ సంఖ్య ముప్పై దగ్గరికి రాగానే చాలామంది యజమానులకి ఎక్కడలేని ఆలోచన పుట్టేది. క్రెష్ నడపడం కన్నా ఇంకో ఆడమనిషిని వద్దనడం సులువు కదా! వాళ్ళకి మేలు చేద్దామని రాసిన మాటే వాళ్ళని గేటు బయట నిలబెట్టింది. సవరణలో ఆడవాళ్ళని కాక మొత్తం ఉద్యోగుల్ని లెక్కపెట్టమన్నారు. అది చదివినప్పుడు నేను మా ఇంట్లో పాయసం చేశానంటే నమ్మండి.

మా కంపెనీ క్రెష్ చూడముచ్చటగా ఉండేది. గేటు పక్కనే గది, గోడల మీద చిలకలు, కుందేళ్ళు, వరసగా ఉయ్యాలలు, ఒక చెక్క గుర్రం. చూసుకోవడానికి మచ్చ బొల్లారం నుంచి వచ్చే సాలమ్మ అనే ఆయమ్మ. లేనిదల్లా పిల్లలే. "మేడం, ఉయ్యాలల దుమ్ము దులుపుడే నా నౌకరి" అని నవ్వేది సాలమ్మ.

పిల్లలెందుకు లేరంటే, బస్సు. మా ఆడవాళ్ళలో ఎక్కువమంది సూరారం నుంచీ, జవహర్‌నగర్ నుంచీ కంపెనీ బస్సులో వస్తారు. ఆ బస్సులో ఐడీ కార్డు ఉన్నవాళ్ళే ఎక్కాలి. మూడేళ్ళ పిల్లకి ఐడీ కార్డు ఎక్కడిది? జవహర్‌నగర్ లలిత ప్యాకింగ్ సెక్షన్‌లో అందరికన్నా పాత మనిషి. వచ్చినప్పుడల్లా నన్ను నిలదీసేది. "గది కట్టిన్రు, మంచిగనే ఉన్నది. బస్సుల ఎక్కనియ్యకపోతే పోరగాండ్లను ఎట్ల తేవాలె మేడం? నెత్తిమీద పెట్టుకొని నడవాలెనా?" నేను వెళ్ళి మా ప్లాంట్ మేనేజర్ మూర్తి గారిని అడిగేదాన్ని. ఆయన ప్రతిసారీ ఒకే మాట అనేవారు. "ఇన్సూరెన్స్ ఒప్పుకోదమ్మా. చట్టంతో పని."

మరి తనిఖీకి వస్తే? అదీ చెబుతాను. ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడని తెలిసిన రోజున సెక్యూరిటీ సూపర్‌వైజర్ వెనకవీధి బస్తీకి వెళ్ళి, ఓ పదిమంది పిల్లల్ని పోగుచేసుకొచ్చేవాడు. తలా ఒక బిస్కెట్ ప్యాకెట్. ఇన్‌స్పెక్టర్ గది చూసి, తలాడించి, సంతకం పెట్టి వెళ్ళగానే పిల్లలు ఇంటికి. దీనిమీద నేను మూర్తి గారితో గట్టిగానే పోట్లాడాను. "ఊరంతా చేసేదే మనమూ చేస్తున్నాం" అన్నారాయన. మనిషి చెడ్డవాడు కాదు. కానీ తలనొప్పి తగ్గించుకోవడమే పరిపాలన అనుకునే రకం.

అలాంటి రోజుల్లో యోహాను నా గదికొచ్చాడు. బ్లిస్టర్ మెషిన్ ఆపరేటర్, అంటే మాత్రల్ని రేకులో అతికించే యంత్రం నడిపే మనిషి. వాళ్ళదీ మచ్చ బొల్లారమే, సాలమ్మా వాళ్ళూ ఒకే చర్చికి వెళ్తారు. లోపలికొచ్చి కూర్చోకుండా టోపీ చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"మేడం, జర పరేషాన్ల ఉన్న. మా బిడ్డ గ్రేసీని ఇన్నొద్దులు మా అవ్వ సూస్తుండె. మొన్న బాత్రూంల జారిపడ్డది, తుంటి ఇరిగింది. మా ఇంటామె షారోన్‌కు గిప్పుడే అల్వాల్‌ల చిన్న దవాఖానల నర్సు నౌకరి దొరికింది. సోమారం నుంచి రమ్మన్నరు. పోరిని యాడ పెట్టాలె?"

"షారోన్ వాళ్ళ ఆసుపత్రిలో క్రెష్ లేదా?"

"ఆడ పదిహేనుమంది గూడ ఉండరు మేడం. ఈడ గది ఖాళీగ ఉన్నది గద? నేను బండి మీద తెచ్చుకుంట. మీరు కాదంటే షారోన్ నౌకరి ఇడిసిపెడతానంటాంది. సదువుకోనికె ఎంత గోస పడ్డదో నాకు ఎర్క."

నేను ఫైలు తీశాను. మా క్రెష్ పాలసీ మొదటి వాక్యం నేను రాసిందే, అందరూ రాసేదే. 'మహిళా ఉద్యోగుల పిల్లలకు.' పిల్లకి గది ఉన్నచోట తండ్రి పనిచేస్తున్నాడు. తల్లి పనిచేసేచోట గది పెట్టాల్సిన అవసరం చట్టానికి లేదు. మధ్యలో ఊడేది తల్లి ఉద్యోగం. ఒక మగవాడి కంపెనీ తలుపు తీయకపోతే ఒక ఆడమనిషి జీవితం ఆగిపోతుందని అప్పటిదాకా నాకు తట్టనే లేదు.

"తీసుకురా, చూద్దాం" అన్నాను. పై అధికారులని అడిగితే వద్దంటారని తెలిసినప్పుడు అడక్కుండా మొదలెట్టడం మా వృత్తిలో ఒక పద్ధతి.

గ్రేసీ వచ్చింది. రెండు పిలకలు, నోరు మాత్రం నాకేమీ తీసిపోదు. చెక్క గుర్రానికి 'రాజు' అని పేరు పెట్టింది. ఆ వారమంతా సాలమ్మ ముఖం వెలిగిపోయింది. కానీ విషయం మూర్తి గారి చెవిన పడనే పడింది.

"ఏంటమ్మా ఇది? మగాళ్ళ పిల్లల్ని కూడా తీసుకుంటే ఉన్న మగాళ్ళందరూ తెచ్చి దింపుతారు. రేపు ఇన్‌స్పెక్షన్. ఆ పిల్ల కనపడకూడదు. తరవాత కూడా వద్దని అతనికి చెప్పేయండి."

ఆ మాట నేను యోహానుకీ చెప్పలేదు, సాలమ్మకీ చెప్పలేదు. మరిచిపోయాననుకుంటే అనుకోండి.

మర్నాడు వచ్చిన ఇన్‌స్పెక్టర్ నడివయసు మనిషి, ఎండకి తిరిగి తిరిగి అలిసిపోయి ఉన్నాడు. క్రెష్‌లో బస్తీ పిల్లలు గోడకి ఆనుకుని బిస్కెట్లు నములుతున్నారు. గ్రేసీ గుర్రం మీద ఉంది. ఆమెని చూడగానే మూర్తి గారు నావైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను. ఇన్‌స్పెక్టర్ కిందికి వంగి ఒక పిల్లాణ్ణి అడిగాడు. "మీ అమ్మ ఏ లైన్‌లో పనిచేస్తుంది బాబూ?" వాడు ఇంకో బిస్కెట్ నోట్లో పెట్టుకున్నాడు. ఇంకో పిల్లని అడిగాడు. ఆ పిల్ల సూపర్‌వైజర్ వైపు చూసింది. చివరికి గ్రేసీ దగ్గరికొచ్చాడు.

"మీ అమ్మ ఏ లైన్‌లో పనిచేస్తుందమ్మా?"

"మా మమ్మీ ఈడ లేదు. సూదులు ఏస్తది. ఈడ మా డాడీ ఉన్నడు, మిషిన్ కాడ."

మూర్తి గారు గొంతు సవరించుకున్నారు. "సార్, అదేదో పొరపాటు జరిగింది. రేపటి నుంచి రానివ్వం."

"పొరపాటా?" అన్నాడాయన. "ఈ గదిలో నిజంగా మీ కంపెనీ పిల్ల ఈమె ఒక్కతే ఉన్నట్టుందే!"

నాకు కలిగింది సిగ్గో సంతోషమో చెప్పలేను, రెండూ కావచ్చు.

"ఆయన మగ ఉద్యోగి సార్" అన్నారు మూర్తి గారు మెల్లగా. "చట్టంలో..."

"చట్టం ఇంతైనా ఇవ్వమంటుందండీ. అంతకుమించి ఇవ్వొద్దని ఎక్కడుంది? అద్దెపిల్లల సంగతి రాయమంటారా, ఈ పిల్ల సంగతి రాయమంటారా?"

ఆయన ఏం రాసుకున్నాడో నాకు తెలియదు. వారం తిరక్కుండా పాలసీ మార్చమని మూర్తి గారే నా బల్ల దగ్గరికొచ్చారు. 'మహిళా ఉద్యోగుల పిల్లలకు' అన్నదాంట్లో మొదటి మాట కొట్టేశాను. క్యాంటీన్‌లో నోటీసు పెట్టాం. ఉన్న మగాళ్ళందరూ వచ్చి దింపుతారని భయపడ్డ మూర్తి గారి ముందుకి ముగ్గురంటే ముగ్గురు వచ్చారు. షారోన్ ఉద్యోగం నిలిచింది.

అసలు సంగతి ఇంకా ఉంది. వానలు మొదలయ్యాక యోహాను, మిగతా ఇద్దరు తండ్రులు వర్క్స్ కమిటీలో ఒక మాట అడిగారు. అది యాజమాన్యం, కార్మికులు కలిసి కూర్చునే సమావేశం. "సార్, వానల పోరగాండ్లు బండి మీద తడుస్తున్నరు. బస్సుల ఎక్కనియ్యిన్రి" అన్నాడు యోహాను. మూర్తి గారు రాసుకున్నారు. పదిరోజుల్లో పిల్లలు బస్సెక్కారు.

"ఇన్సూరెన్స్ ఏమైందండీ?" అని అడిగాను.

"ఏజెంట్‌కి ఒక ఫోన్ చేస్తే సరిపోయిందమ్మా" అన్నారు ఆయన, ఏ మాత్రం తడబడకుండా.

ఒక్క ఫోన్! లలిత అన్నిసార్లు అరిచిన అరుపుకి ఎవరూ చేయని ఫోన్. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. లలితకి చెబితే నవ్వింది. "గంతే మేడం. మనం అడిగితే సట్టం, మొగోళ్ళు అడిగితే సుట్టం!" అని, మర్నాడు తన మనవడిని చంకనేసుకుని బస్సు దిగింది. తరవాత ఒక్కొక్కరే తెచ్చారు. దసరా నాటికి సాలమ్మకి దుమ్ము దులిపే తీరిక లేదు. ఇంకో ఆయమ్మని పెట్టాల్సొచ్చింది.

ఇంకొక చిక్కు మిగిలింది. తల్లి రోజుకి నాలుగుసార్లు క్రెష్‌కి వెళ్ళి రావచ్చని చట్టం. తండ్రి మాట అందులో లేదు. ఒకరోజు గ్రేసీకి ఒళ్ళు వెచ్చబడింది, బువ్వ ముట్టనని ఒకటే ఏడుపు. యోహానుని పంపనన్నాడు లైన్ సూపర్‌వైజర్. సాలమ్మ నేరుగా మెషిన్ హాలు తలుపు దాకా వచ్చి అరిచింది. "పోరి ఏడుస్తాంది! తల్లి ఈడ లేదు, తండ్రిని పంపరు, మరి నేను ఎవర్ని పిలవాలె? దేవుణ్ణా?" ఆ సాయంత్రమే పాలసీలో 'తల్లి లేదా తండ్రి' అని చేర్చాను. తోటివాళ్ళు యోహానుని ఊరుకోనిస్తారా? "పాలిచ్చొచ్చినవా అన్నా?" అన్నాడొకడు. యోహాను చేతులు తుడుచుకుంటూ, "పాలు గాదు, బువ్వ తినిపిచ్చిన. నీ కొడుకు నిన్ను సూస్తే గుర్తుపడతడారా?" అన్నాడు. మళ్ళీ ఎవరూ కదిలించలేదు.

కొన్నేళ్ళకి దేశం మొత్తానికీ కొత్త కార్మిక చట్టాలు రాస్తూ సలహాలు అడిగారు. నేనూ ఒక పేజీ రాసి పంపాను. గ్రేసీ సంగతే. వాళ్ళు చదివారో లేదో తెలియదు. పాత ఫ్యాక్టరీల చట్టానికి బదులు రాసిన కొత్త చట్టంలోనూ క్రెష్‌కి ఆడవాళ్ళ లెక్క పోయి కార్మికుల లెక్క వచ్చింది. సంతోషమే. నాలుగుసార్లు వెళ్ళి రావచ్చన్న వాక్యంలో మాత్రం ఇంకా స్త్రీయే ఉంది. సమానత్వం అంటే ఆడవాళ్ళకి ఏదో ఒకటి ఇవ్వడమని నేనూ చాలాకాలం అనుకున్నాను. బిడ్డ బరువు మొత్తం తల్లి పేరు మీదే రాసి, ఆవిడకే సాయం చేస్తున్నామంటే ఆ బరువు చూసి ఉద్యోగమిచ్చేవాడు భయపడతాడు. రెండోపేరుగా తండ్రిదీ రాస్తేనే మొదటి పేరు నిలుస్తుంది. ఇది నాకు ఏ శిక్షణ తరగతిలోనూ చెప్పలేదు.

ఒక సాయంత్రం షారోన్ యూనిఫాంలోనే గ్రేసీని తీసుకెళ్ళడానికొచ్చింది. మాటల్లో అంది. "దవాఖానల నౌకరికి పోయినప్పుడు ఫస్ట్ అడిగిందే గిది మేడం. నీ బిడ్డను ఎవరు సూస్తరు అని. ఈయనను ఈడ ఎవరన్న అడిగిన్రా?"

అడగలేదు. ఇంటర్వ్యూల్లో నేనే కూర్చుంటాను, నాకు తెలుసు. మేమూ ఆడవాళ్ళనే అడిగేవాళ్ళం.

గ్రేసీ ఇప్పుడు పెద్ద బడికి వెళ్తోంది. మొన్న ఆపరేటర్ ఉద్యోగానికి శామీర్‌పేట నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. సర్టిఫికెట్లన్నీ చూశాక అడిగాను. "పిల్లలున్నారా?"

"ఒక బాబు మేడం. రెండేండ్లు."

"నువ్వు డ్యూటీలో ఉంటే బాబుని ఎవరు చూసుకుంటారు?"

కుర్రాడు కంగారుపడ్డాడు. ఏదో తప్పు దొరికిందనుకున్నాడు పాపం. పక్కనున్న మూర్తి గారి వైపు చూశాడు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"గా సంగతి నన్నెందుకు అడుగుతున్రు మేడం?"

"తండ్రివి కదయ్యా" అన్నాను. "మా దగ్గర క్రెష్ ఉంది. రేపు డ్యూటీకి వచ్చేటప్పుడు బాబుని కూడా తీసుకురా."