తాబేలు వీపున వార్నిష్

ముప్పై ఐదేళ్లుగా పాత బీరువాలకూ బల్లలకూ మెరుగు పెట్టిన పాలిష్ మేస్త్రికి పెచ్చు లేచిన వస్తువు కంటపడితే చెయ్యి ఊరుకోదు. ఆ దురదే ఆయనకు అన్నం పెట్టింది. చివరికి కొంప ముంచిందీ అదే.

రెండేళ్ల కిందట ఆయన భార్యకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. అప్పటినుంచి ఆమెకు తిండి మీద ధ్యాసే పోయింది. నాలుగు చెంచాల జావ తాగించడానికి మేస్త్రి తలప్రాణం తోకకు వచ్చేది. ఓ రోజు ఆమె చెల్లెలు చూడ్డానికి వచ్చి, అరచెయ్యంత నీటి తాబేలును ప్లాస్టిక్ తొట్టిలో తెచ్చి మంచం పక్కన పెట్టింది.

"గోరుచుట్టు మీద రోకటిపోటు! మనిషిని చూసుకోవడానికే ఇక్కడ దిక్కు లేదు, దీన్నెవరు సాకుతారమ్మా?" అని మేస్త్రి మరదలి మీద మండిపడ్డాడు.

"రోజూ కాసేపు ఎండ తగలనివ్వు బావా, నీళ్లు మారుస్తూ ఉండు. అంతకన్నా అడగదు," అని మరదలు వెళ్లిపోయింది.

తాబేలు మెతుకైనా సరే నీళ్లలో ఉంటేనే మింగేది. గట్టు మీద అందిస్తే నోట కరుచుకుని బుడుంగున నీళ్లలోకి దూకేది. కిటికీ దగ్గర ఎండ పడగానే ఇటుక మీదికెక్కి, వెనక కాళ్లు రెండూ బార్లా చాపుకుని కూర్చునేది. అది చూసి భార్య నవ్వింది. మంచాన పడ్డాక అదే మొదటి నవ్వు. దానికి 'దొరగారు' అని పేరు పెట్టింది. దొరగారు ఒక ముద్ద తింటే తనూ ఒక చెంచా తాగేది. అలా గిన్నెడు జావ లోపలికి పోతుంటే మేస్త్రికి ప్రాణం లేచివచ్చింది. తను తిట్టిన మరదలికే మనసులో దండం పెట్టుకున్నాడు.

ఆరు నెలలకు తాబేలు చిప్ప మీద పలచని పొరలు లేచాయి. డాక్టరునో మరదలినో అడగాల్సింది. అడగలేదు. ఆయన కంటికి అది పాత పాలిష్ ఊడుతున్న బల్లలాగే కనిపించింది. భార్య నిద్రపోతుండగా గరుకు కాగితంతో చిప్పను నున్నగా రుద్ది, వార్నిష్ పూసి, ఫ్యాను కింద ఆరబెట్టాడు. లేచాక చూపించాడు.

"ఎలా ఉన్నాడే మీ దొర?"

"అబ్బో, అద్దంలా ఉన్నాడు!" అందామె.

మేస్త్రి చిన్నపిల్లాడిలా నవ్వాడు. మనిషన్నాక మెప్పుకు లొంగుతాడు. పదిహేను రోజులకోసారి మళ్లీ పూత వేశాడు. మూడో పూతకు తాబేలు తిండి మానేసింది. కళ్లు వాచాయి. బొటనవేలితో నొక్కితే చిప్ప లోపలికి పోతోంది. భార్య కూడా మళ్లీ జావ మానేసింది.

పశువుల డాక్టరమ్మ తాబేలును తిప్పి చూసి తలపట్టుకుంది. "పెరిగే తాబేలుకు పైపొర ఊడుతుందండీ. అది జబ్బు కాదు. ఎండ తగిలితేనే చిప్ప గట్టిపడుతుంది. మీ వార్నిష్ ఆ ఎండనూ ఆపింది, ఒంట్లోకి విషమూ ఎక్కించింది."

"థిన్నర్ పెడితే క్షణంలో వదిలిపోతుందమ్మా, ఇప్పుడే తుడిచేస్తా."

"అయ్యో, ఆ పని మాత్రం చెయ్యకండి! సూది వేస్తాను, కానీ ఆశ పెట్టుకోవద్దు."

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? దారి పొడుగునా మేస్త్రి అబద్ధాలు అల్లుకున్నాడు. తాబేలు తొట్టితో గుమ్మం దాటేసరికి ఒక్కటీ నోట రాలేదు.

"నేనే పాడు చేశానే. ఆ వార్నిష్ వల్లేనట."

తిడుతుందని ఎదురుచూశాడు. తిడితే బాగుండును, ఒంట్లో ఇంకా కోపముందని ధైర్యంగా ఉండేది.

"నాకు తెలుసయ్యా," అందామె. "రెండో పూతకే వాడు సరిగ్గా ఈదడం మానేశాడు. రోజంతా చూసేదాన్ని, నాకు తెలీదా?"

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"నేను మంచాన పడ్డాక నువ్వు నవ్వింది ఆ పని చేస్తున్నప్పుడే. ఏ నోటితో వద్దనను?"

మేస్త్రి జావ గిన్నె పట్టుకుని మంచం అంచున కూలబడ్డాడు. చెంచా ఆమె పెదవుల దాకా తీసుకెళ్లాడు. ఆమె ఆయన చేతిని మెల్లగా పక్కకు నెట్టి, గోడ వైపు తిరిగింది.