మొగలిపూవు పాట కట్టిన కెలెపీ

వవావు దీవిలో పెండలం పండించే కెలెపీకి పాట కట్టడం వచ్చు. మనసులో మాట నోటితో చెప్పడం మాత్రం రాదు.

శనివారం సాయంత్రాలు మగవాళ్లంతా కొయ్యపళ్లెం చుట్టూ చేరి, వేళ్లు దంచి నీళ్లలో కలిపే కావా తాగుతూ ప్రేమపాటలు పాడతారు. ఒక పిల్ల మధ్యలో కూర్చుని కావా కలిపి కొబ్బరిచిప్పల్లో అందిస్తుంది. ఆ పిల్లకు అన్న వరసైనవాడు ఆ గుంపులో ఉండకూడదు. దాయాదులు, మేనవాళ్లు, ఎంత దూరపు చుట్టమైనా సరే, ఒక తరంవాళ్లంతా ఇక్కడ అన్నాచెల్లెళ్లే. అన్నాచెల్లెళ్లు ఒకచోట కూర్చుని ప్రేమపాట వినకూడదు.

రెండేళ్లుగా కావా కలుపుతున్నది లవీనియా. పాటలో పిల్ల పేరు పెట్టరు గనక కెలెపీ ఆమెను మొగలిపూవన్నాడు. ఆ పాట దీవంతా పాకింది.

"ఏ మొగలిరా అది? మా పెరట్లో మూడు పొదలున్నాయి, చూసుకో!" అన్నాడు స్నేహితుడు సోకో.

"ముందు చిప్ప పట్టుకోండి బాబూ, చెయ్యి నొప్పెడుతోంది," అని నవ్వింది లవీనియా. ఆ నవ్వు అందరికీ సమానంగానే పంచింది.

చివరికి కెలెపీ మేనమామ కావా వేళ్ల కట్ట కానుకగా పట్టుకుని పిల్లనడగడానికి వెళ్లాడు. కెలెపీ బయట సీమపనస చెట్టు కింద నిలబడ్డాడు. లోపల మాట్లాడింది లవీనియా మేనత్త ఫినే. ఆ ఇంట్లో ఆమెకు ఎదురు లేదు.

"మీ అమ్మా, మా నాన్నా అక్కాతమ్ముళ్ల పిల్లలయ్యా. కెలెపీ దీనికి అన్నవుతాడు."

"రెండేళ్లు మావాడికి కావా పోసింది కదమ్మా, అప్పుడు గుర్తుకు రాలేదా?"

"అప్పుడు మీరు పిల్లనడగలేదుగా!"

వరసలు అబద్ధమని నేననను. వాటిని ఎవరు, ఎవరి అవసరానికి నిద్రలేపుతారన్నదే నా గొడవ. తర్వాత ఒక అధికారి కొడుకు సంబంధం వచ్చినప్పుడు ఫినే ఏ తాతనూ తవ్వలేదు. లవీనియాను రెండుసార్లూ ఎవరూ అడగలేదు.

ఆ రోజు కట్టను లవీనియానే చెట్టు దగ్గరికి తెచ్చి తిరిగిచ్చింది. "ఇదిగో అన్నయ్యా, మీది."

ఆ పిలుపులో బాధ ఉందేమోనని కెలెపీ వెతికాడు. ఊరట వినిపించింది.

అధికారి కొడుకుతో లవీనియా పెళ్లి విందులో పాటగాళ్లు ఆ పాటే ఎత్తుకున్నారు. చెల్లెలి ఎదుట వినకూడదు గనక కెలెపీ తల వంచుకుని లేచి బయటికి నడిచాడు.

"చూశారా, చెల్లెలంటే ఎంత మర్యాదో!" అని ముసలమ్మలు మెచ్చుకున్నారు.

మాంసం కాల్చిన గుంట పక్కన సోకో ఆకులో పంది ముక్క పెట్టి, "తినరా," అన్నాడు.

లోపల రెండో చరణం నడుస్తోంది. 'నీ ముల్లుదాకానే నా చెయ్యి' అని అతను కట్టిన చోట, పెళ్లి కదా అని, 'నీ రేకుదాకా' అని పాడుతున్నారు. తప్పని చెప్పడానికి అతను లోపలికి వెళ్లకూడదు.